పక్కింటి పెద్దాయన ఇచ్చిన పాత డబుల్ బ్యారెల్ గన్: ఇది నిజంగా 14 గేజేనా? ఫ్రేమ్ సైజు ఎలా తెలుసుకోవాలి?

గుడివాడ_టు_డేటన్:

అందరికీ నమస్తే. తుపాకుల విషయంలో నాకు ఓనమాలు కూడా రావు, అది ముందే చెప్పేస్తే తిట్లు కాస్త తగ్గుతాయని చెప్తున్నా.

మేం ఒహాయోలో డేటన్ పక్కన ఉంటాం. పక్కింటి పెద్దాయనకి ఎనభై దాటాయి. ఆరేళ్ళుగా ఆయనా ఆవిడా మాకు ఇక్కడ పెద్దదిక్కులా ఉన్నారు, మా ఇంట్లో పెసరట్టు వేస్తే మొదటి ప్లేటు అటే వెళ్ళేది. పోయిన నెల ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ గరాజ్‌లోంచి ఓ పొడుగాటి గుడ్డ సంచి తెచ్చి నా చేతిలో పెట్టారు. వాళ్ళ తాతగారి తుపాకీ అట. పిల్లలెవరికీ దాని మీద మనసు లేదట, ఆయన గోడ గడియారం నేను బాగుచేసి ఇచ్చిన దగ్గర్నుంచి పాత వస్తువు నా దగ్గరైతే భద్రంగా ఉంటుందని ఆయన నమ్మకం. వద్దంటే బాధపడతారని తీసుకున్నా. దాంతో పాటు అర డబ్బా తూటాలు కూడా ఇచ్చారు. అప్పట్నుంచి మా ఆవిడకి టెన్షన్, నాకు కుతూహలం.

ఫొటోలు ఎక్కట్లేదు, సైజు ఎక్కువంటోంది, అందుకని మాటల్లోనే చెప్తా. రెండు గొట్టాలు పక్కపక్కన. బయటికి హ్యామర్లు, అదే తూటాని పేల్చే చిన్న సుత్తులు, లేవు. గొట్టాల మధ్య పట్టీ మీద పార్కర్ బ్రదర్స్, మెరిడెన్ అని, డమాస్కస్ స్టీల్ అని ఉంది. పక్కల లోహం మీద తీగలు, చిన్న పిట్టల బొమ్మలు. నంబరు డెబ్బై ఆరు వేల చిల్లర. గేజ్ మాత్రం ఎక్కడా రాసి లేదు. సరేనని డిజిటల్ వెర్నియర్ తీసి గొట్టం మూతి దగ్గర లోపలి వ్యాసం కొలిచా, రెండు వైపులా 17.6 మి.మీ. వచ్చింది. నెట్‌లో పట్టిక చూస్తే అది సరిగ్గా 14 గేజ్. 14 గేజ్ చాలా అరుదు అని కూడా ఎక్కడో చదివా. గుండె ఆగినంత పనైంది.

మా ఊళ్ళో తుపాకుల షాపుకి ఫోన్ చేసి చెప్తే అవతలాయన ఓ నవ్వు నవ్వి "ఫ్రేమ్ ఎంత?" అన్నాడు. ఫ్రేమ్ అంటే ఏంటో తెలియక "మీడియం" అన్నా, ఫోన్ పెట్టేశాడు.

ఇంతకీ నా ప్రశ్నలు: ఇది నిజంగా 14 గేజేనా? ఈ ఫ్రేమ్ సైజు ఎక్కడుంటుంది, అది తెలిస్తే ఏమొస్తుంది? అమ్మే ఉద్దేశం లేదు. ఆ పెద్దాయన ఇచ్చింది ఏంటో తెలుసుకోవాలి, అంతే.

డాలర్_దాసు:

14 గేజ్ అయితే జాక్‌పాట్ కొట్టావ్ బ్రో. పార్టీ ఎప్పుడు?

పిట్స్‌బర్గ్_బాబాయ్:

పార్టీ ఆపండి. తమ్ముడూ, ముందు ఓ మాట, మిగతాదంతా తర్వాత. తుపాకీ తెరిచి రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయో లేదో కళ్ళతో చూశావా, లేక "నూరేళ్ళ నాటిది కదా, ఏముంటుందిలే" అనుకుని కొలతలు మొదలెట్టావా? పాత తుపాకుల్లో మర్చిపోయిన తూటాలు దొరకడం నేను రెండుసార్లు చూశాను. పైనున్న మీట కుడివైపుకి నొక్కితే గొట్టాలు కిందికి వంగుతాయి. వెనక నుంచి చూస్తే రెండు వైపులా వెలుతురు కనబడాలి. ట్రిగ్గర్లు ఊరికే నొక్కి చూడొద్దు, లోపల ఖాళీగా పడే దెబ్బకి తూటాని కొట్టి పేల్చే పాత ఫైరింగ్ పిన్నులు విరుగుతాయి.

ఇక నీ 14 గేజ్ సంగతి. నువ్వు కొలిచింది తప్పు కాదు, కొలిచిన చోటు తప్పు. షాట్‌గన్ గొట్టం మూతి దగ్గర కావాలనే కాస్త సన్నగా చేస్తారు, దాన్ని చోక్ అంటారు. వేల గుళ్ళు కాకపోయినా ఓ తూటాలో రెండు మూడొందల గుళ్ళుంటాయి, అవి బయటికి రాగానే చెల్లాచెదురు కాకుండా కొంత దూరం గుంపుగా పోవడానికి ఈ ఏర్పాటు. 12 గేజ్ గొట్టం లోపల 18.5 మి.మీ. ఉంటుంది, ఫుల్ చోక్ అంటే అందులో సుమారు 0.9 మి.మీ. తగ్గుతుంది. లెక్కేస్తే 17.6. నీకు వచ్చిందదే. 14 గేజ్ గొట్టమూ 17.6 ఉండటం కాకతాళీయం, కానీ ఏటా ఎంతోమంది ఈ గోతిలోనే పడతారు. పార్కర్ వాళ్ళు తొలి రోజుల్లో 14 గేజ్ కొద్దిగా చేసిన మాట నిజమే, అందుకే ఆశ పుడుతుంది. నీది అది కాదని తొంభై తొమ్మిది పాళ్ళు చెప్పగలను.

గేజ్ తెలియాలంటే వెనక నుంచి కొలవాలి, తూటా పెట్టే వైపు నుంచి. ఛాంబర్ లోపల 20.6 దగ్గర వస్తే 12, 21.7 వస్తే 10, 18.9 వస్తే 16, 17.7 వస్తే 20. కొలిచి చెప్పు, ఫ్రేమ్ గురించి అప్పుడు మాట్లాడదాం.

గుడివాడ_టు_డేటన్:

ఖాళీగానే ఉంది బాబాయ్ గారూ, మొదటి రోజే చూశా. (నిజానికి మా ఆవిడ చూడమంది.)

వెనక కొలిచా. 22.6 వచ్చింది! మీరిచ్చిన లిస్టులో అసలు లేదు. 10 కంటే పెద్దది, అంటే 8 గేజా? నా బుర్ర పనిచేయట్లేదు.

డాలర్_దాసు:

రేపటికి ఫిరంగి అయ్యేలా ఉంది.

నల్లమల_మనవడు:

హైదరాబాద్ నుంచి. దాసు గారి మాట పక్కన పెట్టండి. మీరు గొట్టం అంచులో ఉన్న మెట్టు కొలిచారు. తూటాకి అడుగున ఇత్తడి అంచు ఉంటుంది కదా, అది లోపలికి జారిపోకుండా ఆనుకోవడానికి గొట్టం వెనకంచున ఒక చిన్న మెట్టు తొలుస్తారు. 12 వాటి తూటా అంచు సుమారు 22.5 ఉంటుంది, కాబట్టి మీ 22.6 కూడా 12 అనే చెప్తోంది. వెర్నియర్ దవడలు ఆ మెట్టు దాటించి ఇంకో ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి పెట్టి మళ్ళీ కొలవండి.

మన దగ్గర గేజ్ అని ఎవరూ అనరు, ట్వెల్వ్ బోర్ అంటారు. మా తాతగారికి ప్రకాశం జిల్లాలో ఒకటి ఉండేది, లైసెన్స్ పుస్తకంలో డీబీబీఎల్ అని రాసుండేది. చిన్నప్పుడు అదేదో కంపెనీ పేరనుకునేవాణ్ణి, డబుల్ బ్యారెల్ బ్రీచ్ లోడర్ అని కాలేజీకొచ్చాక తెలిసింది. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవడం, అయిపోయాక మళ్ళీ తెచ్చుకోవడం. పందుల్ని చేలోంచి తోలడానికి గాల్లో పేల్చడం తప్ప ఆయన దాంతో కొట్టిందేమీ లేదు, పంది కూడా ఆ సంగతి కనిపెట్టేసింది.

ఈ 12, 16, 20 ఏంటో తెలియక మా అన్నయ్యా నేనూ కొట్టుకునేవాళ్ళం, పెద్ద నంబరంటే పెద్ద తుపాకీ అని వాడి వాదన. ఉల్టా. ఒక పౌండు సీసాన్ని పన్నెండు సమాన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో అంత లావు గొట్టం 12. ఒక్కోటి దాదాపు 37.8 గ్రాములు, వ్యాసం 18.5 మి.మీ. ఇరవై గుండ్లు చేస్తే ఒక్కోటి చిన్నదవుతుంది, కాబట్టి 20 సన్నది. .410 ఒక్కటే ఈ లెక్కలోకి రాదు, అది నేరుగా అంగుళాల్లో వ్యాసం.

మా తాతగారిది బర్మింగ్‌హామ్ సరుకు. ఇంగ్లండులోనూ బెల్జియంలోనూ తుపాకీని ప్రభుత్వం గుర్తించిన చోట పేల్చి చూసి ముద్రలేస్తారు, అందులో గేజ్ కూడా ఉంటుంది. డైమండ్ ఆకారంలో 12, దాని కింద సి అక్షరం. 13/1 లాంటి భిన్నం కనబడితే అది గొట్టం లోపలి అసలు కొలత. అమెరికాలో అలాంటి ప్రభుత్వ పరీక్ష లేదు, అందుకే మీ పార్కర్ మీద మీకేమీ దొరకలేదు. మీరు గుడ్డివారు కాదు, అక్కడ రాసి లేదు, అంతే.

గుడివాడ_టు_డేటన్:

మెట్టు దాటించి కొలిచా: 20.6, 20.7. అంటే 12. జాక్‌పాట్ పోయింది, మనసు ప్రశాంతంగా ఉంది. థాంక్స్ నల్లమల గారూ, పంది కథ మా ఆవిడకి చదివి వినిపించా.

ఇప్పుడు ఫ్రేమ్.

పిట్స్‌బర్గ్_బాబాయ్:

శభాష్. ఇప్పుడు గొట్టాలు విడదీయాలి. గొట్టాల కిందున్న ముందు చెక్క మెల్లగా కిందికి లాగితే ఊడొస్తుంది. మొండికేస్తే సుత్తీ స్క్రూడ్రైవరూ తీయకు, ఆగిపో, షాపువాడి చేత తీయించు. చెక్క వచ్చాక తుపాకీ తెరిచి గొట్టాలు పైకెత్తితే విడిపోతాయి. పరుపు మీద పెట్టి చెయ్, బల్ల మీద కాదు.

ఇప్పుడు నీకు మూడు చోట్ల అంకెలు కనబడతాయి, మూడూ మూడు వేరు వేరు భాషలు. ఇక్కడే అందరూ తికమక పడేది కాబట్టి నిదానంగా చదువు.

గొట్టాల అడుగున వెనక వైపు ఇనుప ముద్దలా పొడుచుకొచ్చి ఉంటుంది, ఫ్రేమ్‌లోకి, అంటే గొట్టాలు వచ్చి కూర్చునే ఇనుప దిమ్మలోకి, దిగి తాళం పడేది అదే. లగ్ అంటారు. దాని మీదున్న అంకె ఫ్రేమ్ సైజు. 000, 00, 0, 1, 1½, 2, 3 అలా పైకి పోతుంది. సున్నాలు ఎన్ని ఎక్కువుంటే అంత చిన్నది.

లగ్ పక్కన గొట్టాల కింద చదునుగా చెక్కిన చోట ఇంకో అంకె, పక్కనే కాస్త పైకి ఇంకో చిన్న అంకె ఉంటాయి, 4 పక్కన 3 ఉందనుకో. అది ఫ్రేమ్ కాదు, గ్రేడ్ కాదు. ఆఖరి ఆకురాయి పట్టకముందు ఆ గొట్టాల జత బరువు, నాలుగు పౌండ్ల మూడు ఔన్సులు అని. దీన్ని చూసి "నాది 4 ఫ్రేమ్" అని మురిసిపోయినవాళ్ళు నాకు తెలుసు.

మూడోది, గొట్టాలు తీసేశాక ఫ్రేమ్ మీద కనబడే చదునైన చోటు, వాటర్ టేబుల్ అంటారు. అక్కడ సీరియల్ నంబరూ, తుపాకీ ఏ తరగతిదో చెప్పే గుర్తూ ఉంటాయి. 2 అని ఉంటే జీ గ్రేడ్, హ్యామర్ లేనిది కాబట్టి జీహెచ్. 3 అయితే డీహెచ్. నువ్వు చెప్పిన పిట్ట బొమ్మలూ డమాస్కస్ గొట్టాలూ చూస్తే నాకు జీహెచ్ అనిపిస్తోంది. చూడకుండా పందెం కట్టను.

ఫ్రేమ్ ఎందుకడుగుతారంటే, పార్కర్ వాళ్ళు ఒకే గేజ్‌ని రెండు మూడు సైజుల ఫ్రేముల మీద చేసేవాళ్ళు. అదొక రకంగా చెప్పుల షాపు లాంటిది, పాదం పొడవొకటే అయినా వెడల్పు వేరు. గేజ్ చెప్పేది గొట్టం రంధ్రం, ఫ్రేమ్ చెప్పేది ఆ రెండు గొట్టాలూ వెనక ఎంత దూరంగా కూర్చున్నాయి, ఆ ఇనుప దిమ్మ ఎంత వెడల్పు, దానివల్ల తుపాకీ చేతికి ఎంత బరువు అన్నది. 12 గేజ్‌ని 1 ఫ్రేమ్ మీద చేస్తే పొలాల వెంట రోజంతా తిరిగినా చెయ్యి నొప్పెట్టదు, పిట్టల వేటకి హాయి. అదే 12 గేజ్ 3 ఫ్రేమ్ మీద ఉంటే బాతుల కోసం చెరువు గట్టున కూర్చుని పేల్చుకునే బరువు తుపాకీ. 20 గేజ్ తెప్పించుకుని అది పెద్ద ఫ్రేమ్ మీద ఉందని చేతికొచ్చాక గానీ తెలియక నాలుక కరుచుకున్నవాళ్ళున్నారు. షాపువాడు గేజ్ విని ఊరుకోకుండా ఫ్రేమ్ అడిగాడంటే, నవ్వినా సరే, పని తెలిసినవాడన్నమాట.

లగ్ మీద అంకె అరిగిపోతే వెనక దిమ్మ ముఖం మీద రెండు ఫైరింగ్ పిన్ను రంధ్రాల మధ్య దూరం కొలుస్తారు, ఒక రంధ్రం నడిమి నుంచి ఇంకో దాని నడిమికి. ఫ్రేమ్ పెరిగితే అదీ పెరుగుతుంది. ముందు అంకె కోసం వెతుకు. పాత నూనె అట్టకట్టి ఉంటుంది, మెత్తటి గుడ్డకి కాస్త నూనె రాసి తుడువు. ఇసుక కాగితం ముట్టుకున్నావంటే నేనే డేటన్ వచ్చేస్తా.

కోరుట్ల_కుర్రాడు:

అన్నా మధ్యలో ఒక డౌటు. డమాస్కస్ స్టీల్ అంటే మన నిజామాబాద్ దిక్కు కోనసముద్రం ఉక్కే కదా? అప్పట్లో మన ఉక్కు డమాస్కస్ కత్తులకి పోయేదని మా సార్ చెప్పేవాడు. అంటే ఈ అమెరికా తుపాకీల మన ఇనుము ఉన్నట్టా?

నల్లమల_మనవడు:

లేదు తమ్ముడూ, పేరొకటే. కోనసముద్రంలో మూసలో కరిగించి చేసిన ఉక్కు ముద్దలు పర్షియా వైపు పోయిన మాట నిజం, ఆ కత్తుల మీద నీళ్ళలా కనబడే చారలు ఉక్కు లోపల్నుంచే వచ్చేవి. తుపాకీ గొట్టాల డమాస్కస్ అది కాదు. ఇనుప పట్టీలూ ఉక్కు పట్టీలూ కలిపి మెలితిప్పి, ఒక కడ్డీ చుట్టూ చుట్టి, ఎర్రగా కాల్చి సుత్తితో అతికించి గొట్టం చేసేవాళ్ళు. జడ అల్లినట్టు. ఆ చారలు అల్లికవి. పార్కర్ వాళ్ళు కూడా ఆ గొట్టాలు ఎక్కువగా బెల్జియం నుంచే తెప్పించుకునేవారు. చూడ్డానికి అందంగా ఉంటాయి, నాకైతే వాటిని చూస్తుంటే గద్వాల చీర అంచు గుర్తొస్తుంది.

అందం సంగతలా ఉంచి, ప్రశ్న అడిగినాయన ఇది గమనించాలి. అది అతుకుల గొట్టం. బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు నల్ల తుపాకీ మందు రోజుల్లో చేసింది. అతుకు లోపల తుప్పుందో లేదో బయటికి కనబడదు. ఇప్పటి తూటా అందులో పడుతుంది కదా అని పెట్టి పేల్చొద్దు. దిగడం వేరు, తట్టుకోవడం వేరు. పైగా పాత ఛాంబర్లు పొట్టిగా ఉండొచ్చు. తూటా మీద రెండుంపావలా పైచిలుకు అని రాసుండే పొడవు పేలి మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు, పేలకముందు పొట్టిగానే ఉంటుంది కాబట్టి చక్కగా దిగిపోతుంది, పేలాక విచ్చుకోవడానికి చోటు చాలక లోపల ఒత్తిడి పెరుగుతుంది.

పిట్స్‌బర్గ్_బాబాయ్:

నల్లమల గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు. రెండుంపావలా కాదు గానీ, రెండు ముప్పావు అంగుళాలు, అంటే దాదాపు 70 మి.మీ. పాత 12 గేజ్ పార్కర్లలో ఛాంబర్ పొడవు రెండు అయిదు ఎనిమిదోవంతులు, 67 మి.మీ. దగ్గర, ఉండటం మామూలే.

నల్లమల_మనవడు:

అవును, ముప్పావు. అర్ధరాత్రి టైపింగ్, క్షమించాలి.

వీసా_వ్యధ:

ఇంతసేపూ ఎవరూ అడగని ప్రశ్న నేనడుగుతా. గుడివాడ గారూ, మీరు గ్రీన్ కార్డా, హెచ్1బీనా?

గుడివాడ_టు_డేటన్:

హెచ్1బీ. ఐ-140, అదే గ్రీన్ కార్డుకి కంపెనీ వేసే పిటిషన్, అయింది, మిగతాది మా మనవల టైముకి వస్తుంది. ఎందుకండీ?

వీసా_వ్యధ:

ఎందుకంటే ఇక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం. కొనడం మాత్రమే కాదు, ఇంట్లో ఉండటం కూడా. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతే తెలియదు, ఎవరో ఇచ్చారని తీసుకుంటారు, ఫ్రెండుతో రేంజ్‌కి వెళ్ళి ఫొటోలు పెడతారు.

మీ అదృష్టం ఎక్కడుందంటే, 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకీని 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం యాంటిక్ అంటుంది, ఆ చట్టం దృష్టిలో అది ఫైర్‌ఆర్మే కాదు. కాబట్టి మీకు గేజ్ కంటే, ఫ్రేమ్ కంటే ముందు కావాల్సింది సీరియల్ నంబరును బట్టి తయారైన ఏడాది. బాబాయ్ గారూ, డెబ్బై ఆరు వేల చిల్లర అంటే ఎప్పటిది?

ఇంకోటి, ఇది అసలైన మెలిక. తుపాకీ యాంటిక్ అయినంత మాత్రాన తూటాలు యాంటిక్ కావు. అదే చట్టం అమ్యునిషన్ కూడా దగ్గర పెట్టుకోవద్దంటుంది. ఆ అర డబ్బా ఇంట్లో ఉండకూడదు. రాష్ట్రాల చట్టాలు మళ్ళీ వేరే, యాంటిక్ అనే మాటకి ఒక్కో చోట ఒక్కో అర్థం. ఇక్కడ నేను చెప్పింది పట్టుకుని కూర్చోకుండా తుపాకుల కేసులు చూసే లాయరుకి ఓ గంట ఫీజు కట్టండి. గ్రీన్ కార్డ్ లైన్‌లో ఇన్నేళ్ళు నిలబడి అర డబ్బా తూటాల కోసం పోగొట్టుకుంటారా?

పిట్స్‌బర్గ్_బాబాయ్:

నేను సిటిజన్ అయి చాలా ఏళ్ళైంది, ఈ కోణం నా బుర్రకే తట్టలేదు. మంచి మాట చెప్పారు.

పార్కర్ల సీరియల్ పట్టికలు అచ్చులో ఉన్నాయి. డెబ్బై ఆరు వేలంటే 1890ల మొదటి సగం. వాళ్ళు హ్యామర్లు లోపల దాచిన మోడల్ తెచ్చింది 1880ల చివర్లో, కాబట్టి తొలి హ్యామర్‌లెస్ తుపాకుల్లో ఒకటి అనుకోవచ్చు. రెమింగ్టన్ వాళ్ళు కంపెనీని కొన్నది 1934లో, అప్పటికి నంబర్లు రెండు లక్షలు దాటేశాయి. మొత్తం మీద చేసింది రెండు లక్షల నలభై వేల పైచిలుకు. 1980లలో జపాన్‌లో నకళ్ళు చేయించి అమ్మారు, అవీ చక్కటి పనితనమే, నీది మాత్రం వాటిలోది కాదు.

నంబరు ఒక్క చోట చూసి ఊరుకోకు. వాటర్ టేబుల్ మీద, గొట్టాల మీద, ముందు చెక్కలోని ఇనుము మీద, మూడు చోట్లా ఒకటే ఉండాలి. వేరే తుపాకీ గొట్టాలు తెచ్చి తగిలించిన బాపతు బోలెడన్ని తిరుగుతున్నాయి.

భద్రాద్రి_అక్క:

అందరూ మగాళ్ళే మాట్లాడుతున్నారు, ఆ ఇంట్లో పిల్లలున్నారా అని ఒక్కరైనా అడిగారా? తూటాలు ఉన్నా లేకున్నా ట్రిగ్గర్ లాక్ వేయించండి. మా ఇంట్లో మా మామగారి లైసెన్స్ తుపాకీ బీరువాలో ఉండేది, బీరువా తాళం దేవుడి పటం వెనక ఉండేది, ఆ సంగతి వీధిలో పిల్లలందరికీ తెలుసు.

గుడివాడ_టు_డేటన్:

ఇద్దరు పిల్లలక్కా, తొమ్మిది, ఐదు. లాక్ కొన్నా. రెండు రోజులు ఇటు రాలేదు, ఎందుకంటే మీరందరూ కలిసి నాకు పని పెట్టారు. ఒక్కొక్కటే చెప్తా.

మొదట తూటాలు. వీసా గారి మెసేజ్ చదివిన పావుగంటలో పెద్దాయనకి ఫోన్ చేశా. ఆయన అల్లుడు ఇంటి తాళాలు ఇవ్వడానికి ఎలాగూ ఈ ఊళ్ళోనే ఉన్నాడు, వచ్చి డబ్బా పట్టుకుపోయాడు. ఎంత నామోషీగా అనిపించిందో చెప్పలేను, పెద్దాయన మాత్రం తనే పదిసార్లు సారీ చెప్పారు. వీసాకీ తుపాకీకీ సంబంధం ఉంటుందని ఎనభై ఏళ్ళుగా ఈ దేశంలో పుట్టి పెరిగిన ఆయనకే తెలియదు. లాయర్ అపాయింట్‌మెంట్ గురువారం. అప్పటిదాకా తుపాకీ కూడా ఆ అల్లుడి దగ్గరే ఉంచమని ఇచ్చేద్దామనుకున్నా, ఇచ్చే ముందు అతని ఎదుటే డైనింగ్ టేబుల్ మీద కాదు బాబాయ్, పరుపు మీదే, గొట్టాలు విడదీశాం. అతనికి చేయి తిరిగిన పనే, ముందు చెక్క ఒక్క లాగుకి వచ్చేసింది.

లగ్ మీద అట్టకట్టిన నూనె తుడిస్తే కనబడింది: 2. గొట్టాల కింద 4, పక్కన పైకి చిన్నగా 3. బాబాయ్ గారు ఉదాహరణకి చెప్పిందే వచ్చింది, మీరు నా గరాజ్‌లో కెమెరా పెట్టారా అని డౌటు. వాటర్ టేబుల్ మీద కూడా 2. మీరు ముందే చెప్పకపోతే ఆ రెండు 2లూ ఒకటే అనుకునేవాణ్ణి. నంబరు మూడు చోట్లా ఒకటే.

ఛాంబర్ పొడవు అట్టముక్క కత్తిరించి కొలిచాం, 67 దగ్గర ఆగింది. గొట్టాలు 30 అంగుళాలు. బరువు ఇండియా ప్రయాణాలకి కొన్న సూట్‌కేసు త్రాసుకి వేలాడదీస్తే మూడున్నర కిలోలు.

పిట్స్‌బర్గ్_బాబాయ్:

ఉదాహరణకి 4, 3 చెప్పడం కెమెరా కాదు తమ్ముడూ, 2 ఫ్రేమ్ 12 గేజ్ 30 అంగుళాల గొట్టాల మీద ఆ చుట్టుపక్కల అంకెలే ఎక్కువగా చూశాను.

సరే, నీ తుపాకీ పూర్తి పేరు: పార్కర్ జీహెచ్, 12 గేజ్, 2 ఫ్రేమ్, 30 అంగుళాల డమాస్కస్ గొట్టాలు, రెండూ ఫుల్ చోక్. మూడున్నర కిలోలంటే ఏడు పౌండ్ల పదకొండు ఔన్సుల పైన, ఆ ఫ్రేముకి సరిగ్గా ఉండాల్సిన బరువే. 12 గేజ్‌కి 2 ఫ్రేమ్ బాగా మామూలు జత, కాబట్టి అరుదు అని నేను చెప్పలేను. రెండు వైపులా ఫుల్ చోక్ చూస్తే మాత్రం కొన్న తాతగారు దూరంగా ఎగిరే వాటి మీద కన్నేసినవాడనిపిస్తోంది. బాతులై ఉంటాయి.

షాపువాడికి మళ్ళీ ఫోన్ చేసి "టూ ఫ్రేమ్" అని చెప్పు. ఈసారి పెట్టేయడు.

ఇంకొక్క పని మిగిలింది. పార్కర్ గన్ కలెక్టర్స్ అసోసియేషన్ అని ఉంది. కంపెనీ పాత ఆర్డరు పుస్తకాలూ స్టాకు పుస్తకాలూ మిగిలినవి చూసి, సీరియల్ నంబరు ఇస్తే ఆ తుపాకీ ఎవరు ఆర్డరిచ్చారు, ఎప్పుడు పంపారు, ఎలా చేయమన్నారు అన్నది ఉత్తరం రాసిస్తారు. ఫీజు ఉంటుంది. అన్ని నంబర్లకీ పుస్తకాలు మిగల్లేదు, నీ అదృష్టం.

కోరుట్ల_కుర్రాడు:

అన్నా ఇండియా తెచ్చుకుంటే? ఇంట్ల గోడకి పెట్టుకోవచ్చు కదా.

నల్లమల_మనవడు:

ఆ మాట ఎయిర్‌పోర్ట్‌లో అనకు. ఇక్కడ ఆయుధాల చట్టం వేరు, లైసెన్సూ పర్మిషన్లూ లేకుండా సామాన్లో తుపాకీ పెట్టుకుని దిగితే గోడకి వేలాడేది తుపాకీ కాదు.

గుడివాడ_టు_డేటన్:

ఇండియా ఆలోచన లేదు తమ్ముడూ, ఇక్కడే దిక్కులేదు.

ఉత్తరానికి అప్లై చేశా. చేసే ముందు పెద్దాయనకి ఫోన్ చేసి మీ తాతగారు ఏ ఊళ్ళో ఉండేవారు, ఏం వేటాడేవారు అని అడిగా. లేక్ ఈరీ ఒడ్డున ఉండేవారట. బాతులే. బాబాయ్ గారి జోస్యం చెప్తే ఆయన ఫోన్లోనే పగలబడి నవ్వారు, తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చలికాలం తెల్లవారుజామున తాతతో పాటు పడవలో కూర్చోవడం, పేల్చేటప్పుడు చెవులు మూసుకొమ్మని తాత మోచేత్తో పొడవడం, అదొక్కటే గుర్తుందట. ఆయనకప్పుడు ఆరేళ్ళు.

షాపాయనకి కూడా చేశా. "టూ ఫ్రేమ్, ట్వెల్వ్ గేజ్" అనగానే "ఓ, మీడియం గారా" అన్నాడు.